ప్లే డే

మా బొగ్గుబాయిల దగ్గర వారపు సెలవుని ‘ప్లే డే’ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అందులో ఆట ఉంది. ఆ రోజుకి మాత్రం ఆటతో పెద్దగా పనుండేది కాదు. ప్లే డే నాడు డ్యూటీ పడితే డబుల్ జీతం. అందుకే గోదావరిఖనిలో ప్లే డే కోసం ఎదురుచూడటం అంటే డ్యూటీ కోసం ఎదురుచూడటమే. ఈ వారం ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్నది మా క్వార్టర్ల లైన్‌లో ఆడవాళ్లకి మగవాళ్ల కన్నా ముందే తెలిసేది.

మా బాపు మాత్రం ప్లే డే నాడు నిజంగానే ఆడేవాడు.

బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. సింగరేణిలో వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అని ఒకటుంటుంది. కార్మికులకి ఆటల పోటీలు పెడుతుంది. బాయిల మధ్య, ఏరియాల మధ్య, ఆ తర్వాత కంపెనీ మొత్తానికి. బాపు కబడ్డీలో ఏరియా జట్టుకి ఆడాడు. పోటీల కోసం రెండుసార్లు కొత్తగూడెం పోయొచ్చాడు. అంతకు మించి ఏమీ కాదు. పేపర్లో ఫోటో పడలేదు. ఇంట్లో ఒక స్టీలు టిఫిన్ క్యారియర్, మూడు గ్లాసులు, ఒక గోడ గడియారం ఆయన గెలిచినవి. గడియారం చాలా ఏళ్లు నడిచింది.

అవ్వ ఆ గడియారం పక్కనే క్యాలెండర్ వేలాడదీసేది. బాపు డ్యూటీ వదులుకుని గ్రౌండుకి పోయిన ప్రతి ప్లే డే మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టేది. ఏమీ అనేది కాదు. ఏడాది చివర్న గీతలు లెక్కపెట్టి, “ఈ యేడు పదకొండు” అని మాత్రం అనేది. బాపు తల వంచుకుని బూట్లకి నూనె రాసుకునేవాడు.

ఒకసారి ఆటలో బాపు మెడ కింది ఎముక విరిగింది. నేను అప్పటికి పుట్టలేదు, అక్కకి బాగా గుర్తు. చెయ్యి మెడకి కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడట. చూడొచ్చినవాళ్లంతా ఆ పట్టు గురించే మాట్లాడారట, ఎట్ల దూకిండు, ఎట్ల నలుగురిని గుంజుకొచ్చిండు అని. లోపల అవ్వ ఎన్ని మస్టర్లు పోతాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుందట.

ఇదంతా నాకు 2023లో, అమెరికాలో, అక్క ఇంట్లో గుర్తొచ్చింది.

ఆఫీసు పని మీద ఆరు వారాలు డల్లాస్ పోయాను. అక్కా బావా ఉండేది ఫ్రిస్కోలో. ఆ ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది. డల్లాస్ కౌబాయ్స్ జట్టు హెడ్ క్వార్టర్సూ అక్కడే. అల్లుడు అప్పుడే తొమ్మిదో తరగతిలోకి వస్తున్నాడు, స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో చేరతానంటున్నాడు. ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసింది కాదు. హెల్మెట్లు, భుజాల మీద కవచాలు, కోలబంతి, ఒకళ్ల మీద ఒకళ్లు పడటం. అక్క వద్దంటోంది. నేను దిగిన రోజే వంటింట్లోకి పిలిచి, “నువ్వు చెప్తే వింటడు, జెర చెప్పురా” అంది.

చెప్పడానికి పోయినవాణ్ణి, ముందు వాడి ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన ‘దసరా’ సినిమాని వాడు అక్కడ థియేటర్లో చూశాడు. గోదావరిఖని బొగ్గుగనుల నేపథ్యం, నాని, సంతోష్ నారాయణన్ సంగీతం. “మామా, నిజంగా మీ ఊరు అంత బ్లాక్‌గా ఉంటుందా? అందరూ అట్లా ఫేస్ మీద బొగ్గుతోనే తిరుగుతారా?”

బాయి దిగివచ్చినవాళ్లు స్నానం చేస్తారనీ, మా అవ్వ అరుగు మీద దుమ్ము పడితే రోజుకి మూడుసార్లు కడిగేదనీ చెప్పాను. వాడికి కొంచెం నిరాశ కలిగినట్టే ఉంది. ఆ సినిమాలో ఊరు సెట్ వేసి కట్టింది. అయినా అందులో డప్పు మోగినప్పుడు నాకూ ఒళ్లు జలదరించింది, అబద్ధం చెప్పను. మా ఊరు నాకు ఎప్పుడూ అంత గొప్పగా కనిపించలేదు.

అప్పుడు వాడికి 2004 సంగతి చెప్పాను.

ఆ సెప్టెంబరులో రాజమౌళి ‘సై’ వచ్చింది. కాలేజీ స్థలం కోసం విద్యార్థులు ఒక రౌడీ జట్టుతో రగ్బీ ఆడతారు. నేను ఇంటర్ ఫస్టియర్. మా ఊళ్లో రగ్బీ బంతిని కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. సినిమా చూసొచ్చిన రెండో రోజే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర్లో ఖాళీ జాగాలో మా రగ్బీ మొదలైంది. పాత వాలీబాల్ గాలి తీసేసి, గుడ్డలు కుక్కి, సుతిలి చుట్టి కోలగా చేశాం. రూల్సు తెలీవు. ఎవడి చేతిలో బంతి ఉంటే అందరూ వాడి మీద పడటమే. కానీ ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరికీ వచ్చింది. పరిగెత్తేటప్పుడు నోటితో కీరవాణి మ్యూజిక్ కొట్టుకోవడం. కొందరు స్లోమోషన్‌లో పరిగెత్తేవాళ్లు. అంటే నిజంగానే మెల్లగా, మోకాళ్లు పైకెత్తి, జుట్టు విదిలిస్తూ. స్లోమోషన్‌లో వస్తున్నవాణ్ణి ఎవరూ పట్టుకోగూడదని మాలో మాకు ఒప్పందం.

ఫస్ట్ షిఫ్ట్ నుంచి వస్తూ బాపు సైకిల్ ఆపి కాసేపు చూశాడు. “ఆట ఆడుతున్నరా, సినిమా ఆడుతున్నరా?” అని అడిగి పోయాడు.

అల్లుడు పడీ పడీ నవ్వాడు. తర్వాత, “మామా, నీకు ఒకటి చూపిస్తా” అని టీవీ పెట్టాడు. అట్లా నాకు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫిల్మ్స్ పరిచయం అయింది.

ఈ కథ నిజంగా సినిమా కథలాంటిదే. ఎడ్ సబోల్ అని ఓవర్‌కోట్ల వ్యాపారం చేసిన మనిషి. సొంత కెమెరాతో కొడుకు ఆడే ఫుట్‌బాల్ తీసుకుంటూ ఉండేవాడు. 1962లో, ప్రొఫెషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ ఆటని చిత్రీకరించే హక్కుని 3,000 డాలర్లకి కొన్నాడు. న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, కెమెరాలు గడ్డకట్టేంత చలిలో తీశాడు. కొన్నేళ్లకే లీగ్ అతని కంపెనీని తనలో కలుపుకుంది. కొడుకు స్టీవ్ సబోల్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాడు, చిత్రకళ చరిత్ర చదివాడు. తండ్రి దగ్గరే పనిలో చేరాడు.

అప్పటిదాకా ఆట రీళ్లంటే ఎత్తు నుంచి తీసిన బొమ్మ, హుషారుగా వాగే గొంతు, బ్యాండ్ మేళం. వీళ్లు కెమెరాని నేల మీదికి దించారు. ఆటని ఫిల్మ్ మీద తీసి, వేగం తగ్గించి చూపించారు. బంతి గాలిలో గిరగిరా తిరుగుతూ పోతుంటే పొడవాటి లెన్స్ దాని వెంటే పోతుంది. మట్టి పట్టిన వేళ్లు, నోట్లోంచి ఆవిరి, బెంచీ మీద కూర్చున్నవాడి కళ్లు. వెనక జాన్ ఫెసెండా గొంతు. ఆయన ఫిలడెల్ఫియాలో వార్తలు చదివే మనిషి. ఫుట్‌బాల్ గురించి చెప్తున్నా ఏదో పురాణం చదువుతున్నట్టే ఉంటుంది. సంగీతం శామ్ స్పెన్స్‌ది. అమెరికా మనిషే కానీ ఆయన ఆ సంగీతం కట్టిందీ, ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిందీ జర్మనీలోని మ్యూనిక్‌లో. అమెరికన్లు తమ మట్టి ఆట అనుకునేదానికి గుండె చప్పుడు మ్యూనిక్ నుంచి వచ్చింది.

రాత్రి రెండింటి దాకా చూశాం. సోఫాలో నేను ముందుకి జరిగి కూర్చున్నానని వాడు గమనించాడు. ఆట రూల్సు నాకు సగం తెలీవు. ఎవరు గెలుస్తున్నారో తెలీదు. అయినా ఆ వయొలిన్లు లేస్తుంటే, ఒక లావుపాటి మనిషి మట్టిలో పడి లేవడం నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోచింది. ‘సై’ చూసి నోటితో మ్యూజిక్ కొట్టుకున్న మేము గుర్తొచ్చాం. సంగీతం చేసేది ఇదే. ఒక దెబ్బకి ముందూ వెనకా కథ పెడుతుంది. పడినవాడు ఊరికే పడలేదని నమ్మిస్తుంది.

మర్నాడు ‘ఫ్రైడే నైట్ లైట్స్’ పెట్టాడు. ‘సై’ వచ్చిన మరుసటి నెలలోనే, 2004 అక్టోబరులో, వచ్చిన సినిమా. టెక్సాస్ పడమటి వైపు ఒడెస్సా అనే ఊరు. మాకు బొగ్గు ఎట్లాగో వాళ్లకి చమురు అట్లా. చమురు ధర పడిపోతే ఊరు చతికిలబడుతుంది. శుక్రవారం రాత్రి స్కూల్ పిల్లల ఆటకి మాత్రం ఊరు మొత్తం లేచి కూర్చుంటుంది. బజ్ బిస్సింజర్ అనే పాత్రికేయుడు అక్కడ ఉండి 1988 జట్టు గురించి రాసిన పుస్తకం దీనికి ఆధారం. ‘ఎక్స్‌ప్లోషన్స్ ఇన్ ద స్కై’ అనే టెక్సాస్ బృందం సంగీతం. పాటలు లేవు, మాటలు లేవు, గిటార్లు మెల్లగా పేరుకుంటూ పోతాయి. మా దగ్గర సాయంత్రం పూట, షిఫ్ట్ మారే ముందు ఉండే నిశ్శబ్దం లాగా అనిపించింది.

సినిమాలో పిల్లలు ఆస్ట్రోడోమ్ అనే పెద్ద స్టేడియంలో ఫైనల్ ఆడి కొద్దిలో ఓడిపోతారు. తర్వాత చదివితే తెలిసింది, అసలు వాళ్లు ఓడింది సెమీఫైనల్లో. ఆస్టిన్‌లో, వానలో. సినిమా ఆ ఓటమిని ఒక మెట్టు పైకి తీసుకుపోయింది. ఓడిన పిల్లలకి అదొక మర్యాద కావొచ్చు. నాకేమో, సెమీఫైనల్లో, వానలో ఓడటమే ఇంకా ఎక్కువ బాధగా తోచింది. బాపు ఓటములన్నీ అటువంటివే.

ఆ పుస్తకాల వెంట పోతుంటే ఇంకో ఊరు తగిలింది. పెన్సిల్వేనియాలో పాట్స్‌విల్. అచ్చంగా బొగ్గుగనుల ఊరు. 1925లో అక్కడి మరూన్స్ జట్టు ఇదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి టైటిల్ గెలిచినట్టే గెలిచింది. ఈలోగా ఫిలడెల్ఫియా వెళ్లి, నోట్రడామ్ పాత ఆటగాళ్ల జట్టుతో ఒక ఆట ఆడింది. ఆ ఊరు ఇంకో జట్టు హద్దు అని లీగ్ పాట్స్‌విల్‌ని సస్పెండ్ చేసింది. టైటిల్ షికాగో కార్డినల్స్ పేరున ఉండిపోయింది. పాట్స్‌విల్ వాళ్లు ఒప్పుకోలేదు. బొగ్గు చెక్కి ఫుట్‌బాల్ ఆకారంలో ట్రోఫీ చేసుకున్నారు. అది ఇప్పుడు ఓహయో రాష్ట్రంలో, క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది.

ఆ బొగ్గు బంతి ఫోటోని చాలాసేపు చూశాను. వాళ్లకి స్లోమోషన్ లేదు, మ్యూనిక్ ఆర్కెస్ట్రా లేదు. చేతిలో ఉన్నది బొగ్గు, దాంతోనే చేసుకున్నారు. మా గోడ గడియారం గుర్తొచ్చింది.

ఇంత చూశాక అల్లుడికి వద్దని చెప్పే నోరు నాకెక్కడిది? కానీ అక్క కూడా ఒక సినిమా చూసింది. 2015లో వచ్చిన ‘కంకషన్’, విల్ స్మిత్‌ది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో మైక్ వెబ్‌స్టర్ అనే ఆటగాడు. నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టులో సెంటర్. ఆట వదిలాక మనసు చెదిరి, నిద్ర పట్టక, ట్రక్కులో పడుకునే దశకి వచ్చి 2002లో, 50 ఏళ్లకి చనిపోయాడు. బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా డాక్టరు ఆ మెదడుని పరీక్షించి, తలకి పదే పదే తగిలిన దెబ్బలు ఏం చేశాయో బయటపెట్టాడు. నేనూ అల్లుడూ చూసిన పాత రీళ్లలో వెబ్‌స్టర్ ఉన్న జట్టూ ఉంది. అదే వయొలిన్లు, అదే మట్టి. ఇప్పుడు ఆ రీలు వేస్తే నాకు సంగీతం కింద ఇంకేదో వినపడుతుంది.

ఇట్లాంటిది బాపుకి ముందే జరిగింది. ‘కాలా పత్థర్’ ఆయనకి ప్రాణం. 1975 చస్నాలా గని ప్రమాదం ఆధారంగా 1979లో వచ్చిన సినిమా. గనిలోకి నీళ్లు ముంచుకొస్తాయి, అమితాబ్ లోపలికి పోతాడు. బాపు ఆ రోజుల్లో అమితాబ్ లాగా జుట్టు పెంచాడని అవ్వ చెప్తుంది. 2003 జూన్‌లో మా దగ్గర ఏడో ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లొచ్చి 17 మంది చనిపోయారు. ఆ తర్వాత ఎప్పుడో టీవీలో ‘కాలా పత్థర్’ వచ్చింది. నీళ్లొచ్చే చోటు రాగానే బాపు లేచి బయటికి పోయాడు. నేను పిలిస్తే, “ఆ సప్పుడు బంజెయ్యి” అన్నాడు. నీళ్ల చప్పుడా, సంగీతమా, నేను అడగలేదు.

ఇంకొకటి కూడా. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు బాపు సంతోషం చూడాలి. రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్నాడు. తెలుగు టైటాన్స్ ఆట ఉందంటే సెకండ్ షిఫ్ట్‌కి పోకుండా చూసుకునేవాడు. లైట్లు, పొగ, పాటలు, పది కెమెరాలు. రాహుల్ చౌదరి పట్టు విడిపించుకుని గీత తాకడం మూడు కోణాల నుంచి మెల్లగా చూపించేవాళ్లు. మొదటి రోజు బాపు కాసేపు చూసి, టీవీ సౌండ్ పెంచమన్నాడు. ఇంకా పెంచమన్నాడు. “కూత ఏది?” అన్నాడు.

కబడ్డీలో సంగీతం బయటి నుంచి రాదు. ఆడేవాడి ఊపిరే సంగీతం. కూత తెగకుండా పోయి, తాకి, తిరిగి రావాలి. కూత ఆగితే ఆట పోయినట్టే. టీవీలో ఆటగాడి పెదాలు కదులుతున్నాయి, కానీ పైన పాట మోగుతోంది. అప్పటికే బాపుకి రెండు మెట్లెక్కితే ఆయాసం. బొగ్గు దుమ్మో, బీడీలో, రెండూనో. “నేను ఒక్క దమ్ముల కోర్టంత తిరిగొచ్చేటోణ్ణి” అని అల్లుడికి చూపించబోయి, నాలుగు సార్లు కబడ్డీ అనేసరికి దగ్గు వచ్చి కూర్చుండిపోయాడు. అప్పుడు వాడికి ఆరేళ్లు, సెలవులకి వచ్చాడు. తాత ఏదో తమాషా చేశాడనుకుని నవ్వాడు. బాపూ నవ్వాడు. 2020లో పోయాడు.

టెక్సాస్‌లో స్కూల్ ఆటలాడే పిల్లల తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితాల్లో, తలకి దెబ్బ తగిలితే వచ్చే ప్రమాదం తెలుసుకున్నామని ఒప్పుకునేది ఒకటుంటుంది. అది నాలుగు రోజులు అక్క డైనింగ్ టేబుల్ మీదే ఉంది. పెన్ను దాని మీదే ఉంది. ఐదో రోజు పొద్దున అక్క గోదావరిఖనికి వీడియో కాల్ చేసింది. అవ్వ తన వైపు మాట్లాడుతుందని అక్క ధీమా. ఎముక విరిగినప్పటి సంగతి, క్యాలెండర్ మీద గీతల సంగతి అన్నీ గుర్తుచేసింది. “నువ్వు చెప్పవే అవ్వా, నీకు తెల్వదా?”

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ మరీ దగ్గరగా పట్టుకుంటుంది కాబట్టి మాకు ఒక కన్నూ, నుదురూ మాత్రమే కనిపిస్తున్నాయి.

“నేనైతె ఒక్కనాడు గ్రౌండుకు పోలే బిడ్డా. ఆడోళ్లు పోకపోయేది. గని కూత ఇంటిదాక ఇనొచ్చేది. బట్టలు ఉతుక్కుంట ఇంటుంటి. మీ బాపు గొంతు నాకెర్కనే గద. కూత నడిచినంతసేపు నా చెయ్యి నడిచేది. మధ్యల ఆగితె చెయ్యి ఆగేది. మళ్ల మొదలుగాంగనె పానం లేచొచ్చేది.”

“మరి ఆ గీతలు?” అంది అక్క.

“గీతలు గీతలే. పైసలు అవుసరమే గద.” కాసేపాగి, “నువ్వన్న పొయ్యి చూడు. ఇంట్ల కూసోని ఇంటె ఇంక భయమైతది” అంది.

అక్క ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయింది. సాయంత్రం చూస్తే కాగితం మీద సంతకం ఉంది. నేను అల్లుడికి ఏమీ చెప్పలేదు. చెప్పిందల్లా ఒకటే. తలకి ఏ కొంచెం తగిలినా, కళ్లు తిరిగినా, దాచకుండా వచ్చి చెప్పాలి. సినిమాలో హీరో దాస్తాడు, నువ్వు దాచొద్దు. వాడు “ఓకే మామా” అన్నాడు. అంత తేలిగ్గా అన్నందుకు నాకు కొంచెం భయం వేసింది.

నేను తిరిగొచ్చే ముందు వారం వాడి మొదటి ఆట. శుక్రవారం రాత్రుళ్లు పెద్ద పిల్లలవి. తొమ్మిదో తరగతి వాళ్ల ఆట గురువారం సాయంత్రం, ఎండ పోకముందే. బ్యాండ్ లేదు, మైకు లేదు. వాడు ఎన్నాళ్లుగానో విన్న వయొలిన్లు లేవు. మెట్ల మీద ముప్పై నలభై మంది తల్లిదండ్రులం, మడత కుర్చీలు, నీళ్ల సీసాలు. అక్క కూర్చోలేదు. కంచె దగ్గరికి పోయి, తీగ పట్టుకుని నిలబడింది.

సంగీతం లేకపోతే ఆ ఆట చప్పుడే వేరు. హెల్మెట్‌కి హెల్మెట్ తగిలితే ఎండు కట్టె విరిగినట్టు వినిపిస్తుంది. పిల్లలు రొప్పడం వినిపిస్తుంది. ఎవడో “సారీ” అనడం కూడా వినిపించింది. మూడోసారో నాలుగోసారో వాడు కుప్ప కింద పడ్డాడు. ఒక్కొక్కళ్లే లేస్తున్నారు. అక్క చేతి వేళ్లు తీగ చుట్టూ బిగుసుకున్నాయి. అందరూ లేచాక అడుగున వాడు లేచాడు. చొక్కాకి అంటిన గడ్డి దులుపుకుని మా వైపు చూడకుండానే వరసలోకి పోయాడు.

అక్క చెయ్యి వదులైంది. “ఎన్ని నిమిషాలు ఉంటదిరా ఇంకా?” అని అడిగింది.

“ఇప్పుడే మొదలైంది కదనే,” అన్నాను.